‘సీతమ్మే క్షమించింది, నీకేం?’ అంటున్నారు

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్నం నుంచి నలభై ఆరేళ్ల పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమె కాపురానికి వచ్చేసరికి మరిది తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. మామగారు అప్పటికే పోయారు. భర్త పిండిమర నడుపుతూ ఇంటిని లాక్కొచ్చారు. మరిదికి క్యారేజీ కట్టింది, జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నది, ఇంజనీరింగ్ ఫీజుకి గాజులు తాకట్టు పెట్టింది ఈవిడే. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక అతను క్రికెట్ బెట్టింగుల్లో పడ్డాడు. మూడేళ్ల కిందట దసరాకి ఇంటికొచ్చి, కూతురి పెళ్లికని కూడబెట్టిన 18 కాసుల బంగారం బీరువాలోంచి తీసుకెళ్లి తాకట్టు పెట్టాడు. విడిపించలేకపోయాడు, అది వేలంలో పోయింది. అన్నయ్య పంపించాడని చెప్పి చిట్టీ డబ్బు 4 లక్షలు కూడా తీసుకున్నాడు. ఐదు నెలల తర్వాత అప్పులవాళ్లు గుమ్మం ముందుకొస్తే గానీ అసలు సంగతి ఇంట్లో తెలియలేదు. అప్పటికే అతను ఫోను ఆపేసి ఎటో వెళ్లిపోయాడు.

పోయిన కార్తీకంలో తిరిగొచ్చాడు. ఆడపడుచు ఇంట్లో ఉంటున్నాడు. ఏదో గోడౌన్‌లో నెలకు 18 వేల ఉద్యోగం. వదినతో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు, అతని తరఫున అత్తగారే మాట్లాడుతున్నారు. ‘అపకారికి నుపకారము’ అని సుమతీ పద్యం చదువుతున్నారట. ఆడపడుచు రోజుకో ప్రవచనం వీడియో పంపుతోంది. గుళ్లో కార్తీక పురాణం చివరి రోజున పంతులుగారు సీతమ్మ రాక్షస స్త్రీలను క్షమించిన కథ చెబుతుంటే, తెలిసినవాళ్లంతా వెనక్కి తిరిగి తన వైపే చూశారని రాశారు. భర్తేమో, మాఘంలో అమ్మాయి పెళ్లి కదా, ఈలోపు తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకుందాం, మర లెక్కలు వాడికే అప్పగిద్దాం, మనుషుల్లో పడతాడు అంటున్నారు.

“నాకు జాలి కలగడం లేదండీ. దేవుడి గదిలో కూర్చుని ప్రయత్నించాను కూడా. ఇది పాపమా? వాణ్ణి ఇంట్లోకి రానివ్వాలా?” అన్నవి ఆమె ప్రశ్నలు.

*

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మరిది మీద ఒళ్లు మండింది. రెండోసారి మూడో పేజీలో ఒక చిన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి చివర్లో చెబుతాను, ముందు మీరు అడిగినవి.

జాలి కలగకపోవడం పాపం కాదు. కలగని జాలిని కలిగిందని నలుగురి ముందూ నటిస్తే, అది మీకూ మీ మరిదికీ కూడా మంచిది కాదు. అలా నటించి ఇంట్లోకి తెచ్చుకున్న మనిషి మీద కోపం పప్పులో ఉప్పు ఎక్కువైనప్పుడూ, ఫ్యాను ఆపకుండా వెళ్లినప్పుడూ బయటికొస్తుంది. మీకూ అది తెలుసు, అందుకే ఆరు పేజీలు రాశారు.

ఇక సీతమ్మ కథ. మా నాన్నగారు యుద్ధకాండలో ఆ ఘట్టం చదివేటప్పుడు గొంతు పూడుకుపోయి పుస్తకం పక్కన పెట్టేవారు. అంత గొప్ప ఘట్టం. దాన్ని మీ మీదకి రాయిలా విసురుతున్నారంటే నాకు బాధగా ఉంది. అసలు అక్కడ ఏముందో నెమ్మదిగా చూద్దాం.

యుద్ధం ముగిసింది. రావణుడు చచ్చాడు. హనుమంతుడు అశోకవనానికి వచ్చి కబురు చెప్పాడు. సంతోషంతో సీతమ్మకి కాసేపు నోట మాట రాలేదు. అప్పుడు హనుమంతుడు చుట్టూ ఉన్న రాక్షస స్త్రీలను చూసి, అమ్మా, నిన్ను ఇన్నాళ్లు బెదిరించి ఏడిపించిన వీళ్లని పిడికిళ్లతో గుద్ది, తన్ని చంపుతాను, అనుమతి ఇవ్వు అన్నాడు. సీతమ్మ వద్దంది. వీళ్లు రాజు చేతి కింద బతికే దాసీలు, వాడు చెప్పమన్నది చెప్పారు, నా అనుభవం నా ప్రారబ్ధం అంది. ఆ తర్వాత ఒక ఎలుగుబంటి చెప్పిన పాత ధర్మం గుర్తు చేసింది. పాపులైనా పుణ్యాత్ములైనా, చంపదగినవాళ్లే అయినా, పెద్దవాళ్లు దయ చూపాలి అని చెప్పి, ‘న కశ్చిన్నాపరాధ్యతి’ అంది. తప్పు చేయనివాడంటూ ఎవడూ లేడు అని.

ఇంతవరకు మీకు అందరూ చెప్పారు. ఇప్పుడు ఎవరూ చెప్పనిది చూడండి. ఆ చోట కోపం తెచ్చుకున్నది ఎవరు? సీతమ్మ కాదు, హనుమంతుడు. ఆమె పడిన బాధను చూసినవాడు, ఆమె తరఫున పళ్లు నూరినవాడు ఒకడు పక్కన నిలబడి ఉన్నాడు. నీకు జరిగింది అన్యాయం అని ఆమె అడగకుండానే ఒకరు గట్టిగా అన్నారు. ఆ తర్వాత ఆమె నోట దయ వచ్చింది. అశ్వత్థామను కట్టి తెచ్చినప్పుడు ద్రౌపది పక్కన భీముడు ఉన్నాడు, వీణ్ణి చంపాల్సిందే అంటూ. ఆ కోపం అక్కడ ఉంది కనకే ఆమె విడిచిపెట్టమనగలిగింది.

మీ ఇంట్లో ఏం జరిగింది? మీ ఉత్తరంలో నేను వెతికాను. మీ తరఫున కోప్పడిన మనిషి ఒక్కరూ కనబడలేదు. మీ వారు తమ్ముడి కోసం బెంగపెట్టుకున్నారు. అత్తగారు కొడుకు కోసం తిండి మానేశారు. ఆడపడుచు వీడియోలు పంపింది. మీకన్నా ముందే అందరూ క్షమించేశారు, అదీ మీ బంగారం పోయినందుకు. ఇక మిగిలిన కోపమంతా మోసే పని మీ ఒక్కరి మీదే పడింది. దాన్ని మీరు దింపితే, అసలు తప్పు జరిగిందని గుర్తుపెట్టుకునే మనిషే ఆ ఇంట్లో ఉండదు. మీ మనసు రాయి అయిపోయిందని మీరు భయపడుతున్నారు. నాకు మాత్రం ఇంట్లో అందరి బరువూ మీ నెత్తిన పెట్టినట్టు కనబడుతోంది.

అందుకని మీరు ముందు మాట్లాడాల్సింది మరిదితో కాదు, మీ వారితో. “వాణ్ణి ఇంటికి తేవడం గురించి తర్వాత మాట్లాడదాం. నాకు అన్యాయం జరిగిందని నువ్వు ఒక్కసారి, మీ అమ్మగారి ముందు అను” అని అడగండి. ఆ ఒక్క మాట వినబడితే మీలో ఎంత సడలుతుందో మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆయన అనలేకపోతే అదీ మీకు తెలియాల్సిన సంగతే.

సీతమ్మ అన్నదాంట్లో ఇంకో మాట ఉంది, దాన్ని ఎందుకో అందరూ దాటేస్తారు. ఆ రాక్షసుడి ఆజ్ఞ మీద వీళ్లు నన్ను బెదిరించారు, వాడు చచ్చాడు కనక ఇక బెదిరించరు అంటుంది హనుమంతుడితో. అంటే అపాయం తీరిపోయిందని చూసుకునే దయ చూపింది. మీ మరిది విషయంలో రావణుడెవరో మీకూ నాకూ తెలుసు, అతని ఫోనులో ఉంటాడు. వాడు చచ్చాడా? ఆ సంగతి ఇంట్లో ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో లేదు. చిక్కిపోయాడు, గడ్డం పెంచాడు, ఎవరితో మాట్లాడటం లేదు అని రాశారు. అది పశ్చాత్తాపం కావచ్చు, కొత్త అప్పు కూడా కావచ్చు.

ఇదే సీతమ్మ సుందరకాండలో ఏమందో కూడా చెప్పుకోవాలి. రాముడికి గుర్తుగా, తనను ముక్కుతో పొడిచిన కాకి, అదే కాకాసురుడి కథ హనుమంతుడికి చెబుతూ, నా కోసం ఒక కాకి మీద బ్రహ్మాస్త్రం వేశావే, నన్ను ఎత్తుకొచ్చినవాణ్ణి ఎందుకు ఓర్చుకుంటున్నావు అని రాముణ్ణి అడగమంటుంది. ఎందుకు క్షమిస్తున్నావు అని నిలదీసింది క్షమకు పేరుపడ్డ తల్లే. అప్పటికి బాధ ఇంకా నడుస్తోంది, రాక్షస స్త్రీలు చుట్టూ ఉన్నారు, రావణుడు పెట్టిన గడువు రెండు నెలలే మిగిలింది. ఆ కాండలో ఆమె, యుద్ధం ముగిశాక ఆమె, ఇద్దరూ ఒక్కరే. మీరింకా సుందరకాండలో ఉన్నారమ్మా. మీవాళ్లు మిమ్మల్ని యుద్ధకాండ చివరి మాటలు అప్పజెప్పమంటున్నారు.

రావణుడికి కూడా ఆమె తలుపు మూయలేదు. రాముడు శరణన్నవాణ్ణి ఆదరిస్తాడు, బతకాలనుకుంటే ఆయనతో స్నేహం చేసుకో అంది. అయితే దాంతో పాటే, నన్ను తీసుకెళ్లి ఆయనకు అప్పగించు అనీ అంది. ఎత్తుకెళ్లింది తిరిగి ఇవ్వకుండా స్నేహం మాట లేదు.

కాకాసురుడి సంగతీ అంతే. మూడు లోకాలూ తిరిగి, ఎవరూ కాపాడక రాముడి కాళ్ల దగ్గరే పడ్డాడు. చంపదగినవాడే అయినా దయతో కాపాడాడు అంటాడు వాల్మీకి. ప్రాణం దక్కింది గానీ కుడి కన్ను పోయింది. చేసిన పని జరగనట్టు ఎవరూ నటించలేదు.

పెద్ద చదువు చదివినవాళ్లెవరైనా మీతో వాదించవచ్చు. పన్నెండో శతాబ్దపు శ్రీరంగంలో పరాశర భట్టర్ ‘శ్రీగుణరత్నకోశం’లో అమ్మవారిని పొగుడుతూ, రాముడు కాకినీ విభీషణుణ్ణీ వాళ్లు శరణు కోరితే కాపాడాడు, నువ్వు అడగని రాక్షస స్త్రీలను కూడా కాపాడి రాముడి గోష్ఠినే, అంటే ఆయన కొలువునే చిన్నబుచ్చావు తల్లీ అంటారు. అక్కడ ఆయన ‘ఆర్ద్రాపరాధాః’ అని ఒక మాట వాడారు. తప్పు ఇంకా తడి ఆరలేదట. పశ్చాత్తాపం లేదు, క్షమాపణ లేదు, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి, అయినా కాపాడింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది అమ్మవారి పాదాల దగ్గర కూర్చుని ఒక భక్తుడు చేసిన స్తోత్రం. మనవల్ల కాని గుణం గనకే దాన్ని పొగిడాడు. ఆ స్తోత్రాన్ని పక్కింటి ఇల్లాలి మీద ఛార్జిషీటులా చదవమని ఆయన ఎక్కడా చెప్పలేదు. మీ అత్తగారి సుమతీ పద్యంలో కూడా, అపకారికి ఉపకారం చేసేవాణ్ణి ‘నేర్పరి’ అన్నాడు చూడండి. నేర్పు కావాల్సిన పని అది, కళ్లు మూసుకుని చేసేది కాదు.

ద్రౌపది కథ కూడా మీకు వీడియోలో వచ్చిందన్నారు. అయిదుగురు పిల్లల్ని నిద్రలో చంపిన అశ్వత్థామను విడిచిపెట్టమంది, వాడి తల్లి నాలాగా ఏడవకూడదంది. నిజమే, భాగవతంలో అలాగే ఉంది. కానీ పోతన భాగవతం తీసి చూడండి. విడిచిపెట్టమనే ముందు ఆమె అశ్వత్థామను నిలబెట్టి అడిగింది. మా మగవాళ్లు మీ నాన్న దగ్గర విద్య నేర్చుకున్నవాళ్లు కదా, శిష్యుల బిడ్డల్ని నరకడం న్యాయమా అంది. ఆయుధం పట్టి మీదికి రాలేదు, నీకు ఏ కాస్త ద్రోహమూ చేయలేదు, చీకట్లో నిద్రపోతున్న పసివాళ్లను చంపడానికి ‘నీ చేతు లెట్లాడెనో’ అంది. వాడు తల దించుకుని విన్నాడు. వ్యాస భారతంలోనైతే ఆమె ఇంత మెత్తగా కూడా లేదు. వాడి తల మీది మణి తెచ్చి చూపించేదాకా లేవనని ప్రాయోపవేశానికి కూర్చుంది. మణి వచ్చాక, నా రుణం తీరింది, గురువు కొడుకు గురువులాంటివాడే అని ఊరుకుంది. రెండు కథలూ మనవే. వీడియోలో ఏ ముక్క వేయాలన్నది వేసేవాళ్ల ఇష్టం.

మీకు ఆ అడిగే అవకాశం రాలేదు. మూడు నెలలుగా అతను ఆడపడుచు ఇంట్లో ఉన్నాడు, మీ ముందుకు రాలేదు. నీ చేతులెలా ఆడాయిరా అని మీరు అడగాలి. అతను నిలబడి వినాలి. అత్తగారి ద్వారా వచ్చిన క్షమాపణ క్షమాపణ కాదు, కబురు.

ఇక మర లెక్కల సంగతి. ఇక్కడ నాకు సైంధవుడు గుర్తొస్తున్నాడు. ఆయనా ఇంటి మనిషే, కౌరవ పాండవుల ఒక్కగానొక్క చెల్లెలు దుస్సల భర్త. అరణ్యవాసంలో పాండవులు వేటకు వెళ్లినప్పుడు ద్రౌపదిని ఎత్తుకుపోబోయాడు. భీముడు పట్టుకుని, గుండు గీసి అయిదు పిలకలు మిగిల్చి, పాండవుల దాసుణ్ణని ఒప్పించి తెచ్చాడు. నాకు ఇష్టమైన పని చేయాలనుకుంటే వాణ్ణి చంపండి అని ద్రౌపది అంతకుముందే చెప్పింది. ధర్మరాజు మాత్రం దుస్సలను, గాంధారిని తలుచుకుని చంపొద్దన్నాడు. సంస్కృత భారతంలో ఆ తర్వాత ఒక చిన్న మాట ఉంది. ద్రౌపది ధర్మరాజు ముఖం చూసి, సరే విడిచిపెట్టు అని భీముడితో అందట. ముఖం చూసి! మన ఇళ్లలో ఎన్ని క్షమలు అలా మొగుడి ముఖం చూసి వచ్చినవో ఆడవాళ్లకే తెలుసు.

సైంధవుడు మారాడా? గంగాద్వారం వెళ్లి శివుడి కోసం తపస్సు చేసి, అర్జునుడు తప్ప మిగిలిన పాండవులను ఒక్కరోజు నిలువరించే వరం తెచ్చుకున్నాడు. పద్మవ్యూహం దగ్గర ఆ వరం పనిచేసింది, అభిమన్యుడు పోయాడు. ధర్మరాజు ప్రాణభిక్ష పెట్టడం తప్పని నేననను. దుస్సల ముఖం చూసి నేనైనా అదే చేసేదాన్నేమో. కానీ బతకనివ్వడం ఒకటి, వీడు మారాడని అనుకోవడం ఇంకొకటి. మీ వారు మొదటిదాని గురించి మాట్లాడుతున్నానని అనుకుంటూ రెండోది చేస్తున్నారు.

అదే అరణ్యపర్వంలో, ద్వైతవనంలో ద్రౌపది ధర్మరాజుతో క్షమ గురించి గట్టిగా వాదించింది. జూదం ఇంటినేం చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాటలు ఎత్తి చూపింది. ఎప్పుడూ కోపమూ మంచిది కాదు, ఎప్పుడూ క్షమా మంచిది కాదు. ఎప్పుడూ క్షమించేవాడి బండి, బట్టలు, నగలు కింది మనుషులు ఇష్టమొచ్చినట్టు తీసుకుపోతారట. నగలు కూడా ఆ లెక్కలో ఉన్నాయమ్మా, నేను కలిపింది కాదు. ఎవరిని క్షమించాలో కూడా ప్రహ్లాదుడు చెప్పాడు. వెనక మనకు మేలు చేసినవాడు పెద్ద తప్పు చేసినా క్షమించు. తెలియక చేసినవాణ్ణి క్షమించు. తెలిసి చేసి తెలియదని బొంకేవాణ్ణి చిన్న తప్పుకైనా విడిచిపెట్టకు. ఎవరికైనా మొదటి తప్పు మన్నించు, రెండోదానికి మాత్రం దండించు. ధర్మరాజు దీన్ని ఒప్పుకోలేదు, క్షమే ధర్మం, క్షమే యజ్ఞం అన్నాడు. భారతం ఇద్దరి మాటలూ ఉంచింది.

మీ మరిదిని దీనికి పట్టి చూడండి. వెనక మేలు చేసింది మీరు, అతను కాదు. తెలియక చేసింది కాదు. మొదటి తప్పా అంటే, బంగారం ఒకటి, చిట్టీ రెండు. అతని వైపు నుంచి చెప్పాల్సింది కూడా ఒకటుంది. జూదం ఒక స్థాయి దాటితే అది జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలోనే దాన్ని చేర్చింది. రాజు ఆజ్ఞకు లొంగిన దాసీలని సీతమ్మ అన్నట్టు, అతను కూడా ఒకదానికి లొంగి ఉండవచ్చు. అది అతని తప్పును చెరపదు. కానీ మందు లేకుండా మాట మీద మారతాడని నమ్మకూడదన్నది మాత్రం దాంతో తేలుతుంది.

ఇప్పుడు మీ ముందు దారులేంటో చూద్దాం. మీ వారన్నట్టు పెళ్లిలోపు ఇంటికి తెచ్చుకుని మర గల్లా అప్పగిస్తే, ఇంట్లో అత్తగారు అన్నం తింటారు, మీ వారికి రాత్రి నిద్ర పడుతుంది, పెళ్లిలో ఎవరూ ఏమీ అడగరు. కానీ మీరు రోజూ గల్లా లెక్కపెట్టుకుంటూ బతుకుతారు. జూదం వదలని మనిషి చేతికి రోజువారీ నగదు, ఫోనులో వచ్చే డబ్బు ఇవ్వడమంటే, తాగుడు మానుతున్నవాణ్ణి సారా కొట్లో కూర్చోబెట్టడమే. అది అతనికి మీరు చేసే అపకారం. ఈ మాట మీ వారితో అలాగే చెప్పండి. తమ్ముడి మీద ప్రేమతోనే ఆలోచించే మనిషి కనక ఆ వైపు నుంచి చెబితే వింటారు.

అసలు గుమ్మం తొక్కనివ్వనంటే, ఆ హక్కు మీకు పూర్తిగా ఉంది. ఎవరూ మిమ్మల్ని రాక్షసి అనడానికి లేదు. కాకపోతే మీ వారు మీకు తెలియకుండా తమ్ముణ్ణి కలుస్తారు, చేతిలో ఎంతో కొంత పెడతారు. డబ్బు చాటున పోతుంది, దాంతో పాటు మీ ఇద్దరి మధ్య మాటలు కూడా చాటున పోతాయి. పెళ్లిలో బాబాయి ఏడని మీ అమ్మాయిని అడుగుతారు. దానికేం చెప్పాలో మీ అమ్మాయినే అడిగారా? బంగారం తన పెళ్లికని దాచింది కదా. ఉత్తరంలో ఆ పిల్ల మాట ఒక్కటీ లేదు.

ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది. అన్నం పెట్టండి, తాళంచెవులు ఇవ్వకండి. పండక్కి రావచ్చు, తల్లి దగ్గర కూర్చోవచ్చు, పెళ్లికి నలుగురితో పాటు రావచ్చు. ఇంట్లో ఉండటం, మర దగ్గర కూర్చోవడం మాత్రం ఇప్పుడు కాదు. ఎంతకాలం అన్నది అతని నడత చెప్పాలి. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొదట అడుగు వేయడానికి సిగ్గుగా ఉంటే, మనసు సంబంధమైన కష్టాలకు ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కి ఫోను చేయమనండి, డబ్బు ఖర్చు లేదు. జీతంలో నెలకు ఇంతని మీ చేతికే, మీ వారి చేతికి కాదు, ఇవ్వాలి. మూడు వేలైనా సరే. 18 కాసులు ఈ జన్మలో తీరకపోవచ్చు. తీరడం కాదు, ప్రతి నెలా ఒకటో తారీకున గుర్తు రావడం ముఖ్యం. పెద్దమనుషుల ముందు నోటు రాయించుకోండి. నోటుకు మూడేళ్లే గడువు, మధ్యలో తిరగరాయించుకోవాలని మరవద్దు. తమ్ముడి దగ్గర నోటేంటి అని మీ వారు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. ఈ దారిలో కష్టమేమిటంటే, అత్తగారికి ఇది క్షమలా కనబడదు, మీకు శిక్షలా కనబడదు. రెండువైపులా చిరాకే.

నేనైతే ఈ దారినే పోయేదాన్ని, కానీ ఆ ఇంట్లో ఉండాల్సింది మీరు. ఒకటి మాత్రం దేనికైనా ముందు జరగాలి. అతను వచ్చి మీ ముందు నిలబడాలి. ఏం తీశాడో, ఎప్పుడు తీశాడో, ఎక్కడ పెట్టాడో తన నోటితో చెప్పాలి. ఆ రోజు మీకు జాలి కలిగితే కలుగుతుంది, లేకపోతే లేదు.

ఇక మూడో పేజీలోని వాక్యం. “బంగారం కనబడకపోయేసరికి ముందు పనిమనిషిని అనుమానించాం, పోలీసులకు చెబుతామంటే ఏడ్చి మానేసింది, అది వేరే సంగతి. ఇప్పటికీ రైతుబజారు దగ్గర ఎదురుపడితే నేనే పక్కకు తప్పుకుంటాను” అని రాశారు.

అది వేరే సంగతి కాదమ్మా. తొమ్మిదేళ్లు మీ ఇంట్లో అంట్లు తోమిన మనిషి ఐదు నెలలు ఆ వీధిలో దొంగ అనిపించుకుంది. మీ మరిది చేసినవాటిలో నాకు అన్నిటికన్నా బరువుగా కనబడింది బంగారం కాదు, ఆమెను అంటుంటే ఫోనులో విని కూడా నోరు మెదపకుండా ఉండటం. నిజం తెలిసి ఇప్పటికి రెండేళ్లు దాటింది. ఆమెకు ఎవరైనా చెప్పారా? తప్పుకుంటున్నానన్నారంటే చెప్పలేదనే కదా.

సీతమ్మ చెప్పిన ఎలుగుబంటి కథను వ్యాఖ్యాతలు విప్పి చెబుతారు. పులి తరుముతుంటే ఒక వేటగాడు చెట్టెక్కాడు. ఆ చెట్టు మీద ఎలుగుబంటి ఉంది. వాణ్ణి కిందకి తొయ్యి అని పులి అంది. నా చోటికి వచ్చినవాణ్ణి తొయ్యనంది ఎలుగుబంటి. అది నిద్రపోయాక పులి వేటగాడితో, దాన్ని తొయ్యి, నిన్ను వదిలేస్తానంది. వాడు తోశాడు. అలవాటు మీద అది కొమ్మ పట్టుకుని పడకుండా నిలిచింది. ఇప్పుడైనా తొయ్యి అని పులి అంటే, అయినా తొయ్యనంది. మీరు ఇన్నాళ్లూ ఈ కథలో ఎలుగుబంటిని నేనే అనుకుని ఉంటారు. మరిది సంగతిలో అది నిజమే. ఆమె సంగతిలో కాదు. భయం వేసినప్పుడు, దగ్గరగా ఉన్న మనిషిని మీరూ తోశారు.

పెళ్లి కార్డు తీసుకుని వెళ్లకండి, అది తర్వాత. ముందు ఉత్త చేతులతో వెళ్లండి. వీధిలో నలుగురూ వినేలా అన్నారు కనక, నలుగురూ వినేలా చెప్పండి, ఆమె తీయలేదని, ఎవరు తీశారో కూడా. వీలైతే మరిదిని వెంట తీసుకెళ్లండి, అతను రానంటే నోటు సంగతి మాట్లాడనని చెప్పండి. ఆపేసిన జీతం ఏదైనా ఉంటే ఇచ్చేయండి. ఆమె తిట్టవచ్చు, తలుపు వేసుకోవచ్చు, లేదా మాట్లాడకుండా పని చేసుకుంటూ ఉండిపోవచ్చు. అక్కడ నిలబడి వినండి. ఆమె క్షమించకపోతే మాత్రం, ఆమెకు సీతమ్మ కథ చెప్పకండి.